వాకిట్లో పెట్టిన కర్ర

మా సంఘంలో గొర్రెలు కాసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ప్రార్థనకు వస్తే చేతికర్రను మందిరం వాకిట్లోనే పెట్టి లోపలికి వచ్చేవాడు. "దేవుని ముంగట కర్రెందుకు?" అనేవాడు. గొర్రె ఈనితే అందరూ మావిని పాతిపెడతారు. ఆయన మాత్రం ఊళ్ళోని కుక్కలకు వేసేవాడు. "అవ్విటిని జేసింది గూడ ఆయనే గద!"

ఊళ్ళ మీద పడి దోచుకునేవాళ్ళ దాడుల భయంతో సూర్యాపేట దగ్గరి మా ఊరు ఊరంతా సరిహద్దు అవతలి మునగాల వైపు వెళ్ళిపోయిన ఏడు, చూడిగొర్రెలు నడవలేవని ఆయన ఉండిపోయాడు. మంచం పట్టిన నాయనమ్మ కోసం మేమూ ఉన్నాం. కూడు పెట్టే దిక్కులేని కుక్కలు మావి వాసనకు మంద మీదికి వచ్చాయి. ఈసారి మావితో ఆగలేదు. తడి ఆరని గొర్రెపిల్లలను ఎత్తుకుపోయాయి.

"కుమ్మరోళ్ళదానా, ఇంటికి పోవే!" అని అరిచేవాడు. ఏ కుక్క ఎవరింటిదో ఆయనకు తెలుసు. ఆ ఇళ్ళలోనే ఎవరూ లేరు.

రెండే పిల్లలు మిగిలిన మధ్యాహ్నం ఆయన కర్ర ఎత్తాడు. గోడ మీంచి చూశాను. కుక్కలు పారిపోలేదు. తోకలూపుకుంటూ దగ్గరికి వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే దెబ్బకు పడి చచ్చాయి.

ఆదివారం కర్ర ఒళ్ళో పెట్టుకొని వాకిట్లోనే కూర్చున్నాడు.

"లోపలికి రా పెద్దయ్యా, పిల్లల్ని కాపాడినవ్ గద," అన్నాడు ప్రార్థన నడిపే మా నాయన.

"అలవాటు జేసింది నేనే అయ్యగారూ. గీడికే ఇనపడ్తది, సదువుండ్రి."

దేవుడు ఆ రోజే క్షమించాడని నేను నమ్ముతాను. ఆయన నమ్మలేదు. తర్వాత ఒక్కసారే మందిరంలోకి వచ్చాడు, నలుగురు మోసుకొస్తే. కర్రను నేనే వాకిట్లో పెట్టాను.