ఉప్పు నేల పక్క మలుపు

ఈ మాటను నేను పాతికేళ్ళకు పైగా మోస్తున్నాను. మోయడం అంటే నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం లాంటిదేమీ కాదు. నిద్ర బాగానే పడుతుంది. అన్నం బాగానే తింటాను. జేబులో రాయి వేసుకుని తిరిగే మనిషికి కొన్నాళ్ళకు రాయి ఉన్నట్టే తెలియదు, చొక్కా ఒక పక్కకు వాలుతున్నదని ఎదుటివాళ్ళు చెబితే తప్ప. నాకు ఎవరూ చెప్పలేదు. నా చొక్కా తిన్నగానే కనిపిస్తున్నది కాబోలు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకనే మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. మాది జగిత్యాల వైపు ఒక పల్లె. తొంభైల్లో ఖతార్ పోయాను. దోహాకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరి బయట మా యజమాని తోట. ఖర్జూరం చెట్లకు నీళ్ళు పెట్టడం, గొర్రెలను చూసుకోవడం నా పని. యజమానిని మేం బాబా అనేవాళ్ళం. ఆయన కుటుంబం దోహాలో, అల్ హిలాల్‌లో ఉండేది. గురువారం సాయంత్రం తోటకు వచ్చి, శుక్రవారం పొద్దు గూకాక వెళ్ళిపోయేవాళ్ళు.

వాళ్ళను తీసుకొచ్చే డ్రైవరు ఓబులేసు. రాయచోటి దగ్గరి మనిషి. నాకంటే పెద్దవాడు, ఓబులన్నా అని పిలిచేవాణ్ణి. తోటకు వచ్చినప్పుడు నా గదిలోనే పడుకునేవాడు. వారమంతా బాబా పిల్లలను బడికి, మేడమ్‌ను బజారుకు తిప్పడం ఆయన డ్యూటీ. ఎంత మెల్లగా తోలేవాడంటే, వెనక బండ్లవాళ్ళు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవాళ్ళట. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మాత్రం వేరే మనిషి.

ఆ ఊరి బయట మట్టి మైదానంలో కార్ల పందేలు జరిగేవి. పెద్ద ఏర్పాటేమీ కాదు. ఖాళీ డ్రమ్ములు వరసగా పెట్టి దారి గుర్తు చేసేవాళ్ళు. చుట్టుపక్కల తోటలవాళ్ళు పాత కార్లకు సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేయించి తెచ్చేవాళ్ళు. దాదాపు అందరూ తమ బండి తామే తోలుకునేవాళ్ళు. బాబా తోలేవాడు కాదు. ఆయనకు ఒంటెల పందేల అలవాటు. ఒంటె గలవాడు తానే ఒంటె ఎక్కి పరిగెత్తించడు కదా, ఎక్కేవాణ్ణి పెట్టుకుంటాడు. కారుకు మాత్రం వేరే న్యాయం ఎందుకని ఆయన లెక్క. ఒకసారి సరదాకు ఓబులన్నను కూర్చోబెట్టాడు. గెలిచాడు. మళ్ళీ కూర్చోబెట్టాడు.

ఓబులన్న ఖతార్ రాకముందు వాళ్ళ జిల్లాలో ముగ్గురాయి గనుల దగ్గర టిప్పరు తోలినవాడు. జారే మట్టి మీద, ఒక పక్క లోయ పెట్టుకుని నేర్చుకున్న చెయ్యి అది. అందరూ బ్రేకు తొక్కే చోట ఆయన స్టీరింగును ఇంత కదిలించి ఊరుకునేవాడు. కారు దానంతట అదే వెనకభాగం విసురుకుంటూ తిరిగేది. మూడు చలికాలాలు ఆ ఊళ్ళో ఆయనదే రాజ్యం. కప్పులన్నీ బాబా ఇంట్లో అద్దాల బీరువాలోకి పోయేవి. ఓబులన్నకు భుజం మీద ఒక చరుపు, పళ్ళెం నిండా మాంసం, అన్నం. ఆయనకు అది చాలు. బజారులో అరబ్బు ముసలివాళ్ళు లేచి చెయ్యి కలిపేవాళ్ళు. మా ఇద్దరి బతుకుల్లో మాకోసం మరొకరు లేచి నిలబడ్డది అక్కడే.

ఆ గెలుపులో నా పాలు కూడా ఉంది. గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాతి సంగతి మీకు అర్థం కావాలని చెబుతున్నాను. మైదానానికి ఒక పక్క, దారి మలుపు తిరిగే చోట, ఉప్పు నేల. పైకి ఎండి, తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. అడుగున సముద్రపు నీరు. వాన పడితే ఆ తడి దారి అంచుల కిందికి కూడా పాకుతుంది, పైన మాత్రం పెంకు కట్టి ఉంటుంది. అందుకని ఆ మలుపులో అందరూ భయపడి దూరంగా తిప్పుకునేవాళ్ళు. ఓబులన్న ఒక్కడే ఉప్పు నేల అంచు పట్టుకుని లోపలి నుంచి కోసుకొచ్చేవాడు. అక్కడే అందరినీ దాటేవాడు. ఆ ధైర్యం నా కాళ్ళది. నేను పొలంలో పెరిగినవాణ్ణి. శుక్రవారం పొద్దున చెప్పులు విడిచి ఆ దారంతా నడిచేవాణ్ణి. మడమతో నొక్కితే తెలుస్తుంది. మెత్తగా ఉన్నచోట పుల్ల పాతి ఎర్ర గుడ్డ కట్టేవాణ్ణి. గుడ్డ ఉంటే ఆయన దూరంగా పోతాడు, లేకుంటే అంచుకు పోతాడు. "నీ కాలు లేకుంటే నా చెయ్యి లేదురా" అనేవాడు. ఆ మాట తలుచుకుంటూ వారమంతా గొర్రెల వెంట తిరిగేవాణ్ణి.

ఇక అసలు సంగతి. చెప్పబోతే చాలా చిన్నది. అందుకే ఇంత సిగ్గు.

మూడో చలికాలం చివర బాబా ఒక కబురు తెచ్చాడు. దుబాయ్‌లో ఇలాంటి పందెమే, ఇంతకంటే పెద్దది. కారును పంపిస్తాడట. ఓబులన్న వెళ్తాడు, తోడుగా ఇంకొక్క మనిషి. ఆ ఒక్క మనిషి నేనే అనుకున్నాను. దుబాయ్ చూడాలని నాకెందుకంత ఆశ? మా ఊళ్ళో ఎవరిని అడిగినా నేను దుబాయ్‌లోనే ఉన్నానంటారు. మా అమ్మ కూడా అంతే, మావోడు దుబాయ్ల ఉన్నడని చెప్పుకునేది. ఖతార్ అనే పేరుతో వాళ్ళకు పని లేదు. సెలవుకు పోతే దుబాయ్ ఎట్లుంటదిరా అని చుట్టూ చేరేవాళ్ళు. నేను చూడని ఊరి గురించి మేడలు కట్టి చెప్పేవాణ్ణి. ఒక్కసారి ఆ ఊళ్ళో కాలు పెడితే చాలు, చెప్పినవన్నీ నిజమైపోతాయని అనుకున్నాను. నవ్వుకోండి.

గురువారం సాయంత్రం ఓబులన్న ఆ తోడుకు, పందెం కారు బాగుచేసే మెకానిక్ పేరు చెప్పాడు. మలయాళీ మనిషి, మంచి పనివాడు. దూరం పోయే కారుకు మెకానిక్ ఉండాలి. ఇందులో తప్పేముంది? నా ముఖం మాడిపోవడం చూసి నవ్వుతూ, "నువ్వు గూడా వస్తే గొర్రెలకు నీళ్ళెవరు పెడతారురా?" అన్నాడు. పక్కనున్న మెకానిక్ కూడా నవ్వాడు. తెలుగు రాకపోయినా నవ్వాడు. నేనూ నవ్వాను. కడుపు మండింది. అంతే. అంతకంటే పెద్ద కారణం కోసం ఇన్నేళ్ళు వెతికాను, దొరకలేదు.

ఆ వారం వాన పడింది. శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే నడిచాను. ఉప్పు నేల పక్క మలుపులో, సరిగ్గా ఆయన చక్రం పోయే చోట, నా మడమ దిగిపోయింది. బూడిద రంగు బురద వేళ్ళ మధ్య నుంచి పైకి వచ్చింది. చల్లగా ఉంది. చేతిలో పుల్ల ఉంది, గుడ్డ ఉంది. నిలబడ్డాను. గుడ్డ కట్టకుండా వెనక్కి వచ్చేశాను.

కాదు. ఇక్కడితో ఆపితే, పాపం మరిచిపోయాడేమో అనుకుంటారు. చాలాకాలం నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను. ఇంకొకటి ఉంది. నా కాలు దిగిన గుంట కనిపిస్తుందని, పక్కనున్న పొడి మట్టిని పాదంతో నెట్టి పూడ్చాను. పైన ఒకసారి మెల్లగా అదిమాను, విత్తు వేసిన చోట అదిమినట్టు. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాస్తుంటే చెయ్యి వణకడం లేదు. వణకాలి కదా?

ఏం కోరుకున్నాను? ఆయన చావాలనా? కాదు. చక్రం దిగబడాలి, బండి ఆగిపోవాలి, నలుగురు నవ్వాలి, బాబా ముఖం చిన్నబోయి దుబాయ్ మాట మానుకోవాలి. అంతవరకే అనుకున్నాను. అనుకున్నానని అనుకుంటున్నాను. అంత వేగంలో చక్రం దిగబడితే ఏమవుతుందో, మూడేళ్ళు ఆ మలుపు దగ్గరే నిలబడి చూసిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని ఆ పూటకు పక్కన పెట్టాను.

పందేనికి ముందు ఆయన హెల్మెట్ పెట్టుకుని, ఎట్లుంది అన్నట్టు నా వైపు గడ్డం ఎగరేశాడు. నేను తల ఊపాను.

మొదటి చుట్టులో ఏమీ కాలేదు. గండం గడిచిందనిపించింది. కొంచెం నిరాశ కూడా కలిగింది, అదీ ఒప్పుకోవాలి. రెండో చుట్టులో ముందు చక్రం పెంకును పగలగొట్టింది. కారు ముక్కు కిందికి పోయి, వెనకభాగం పైకి లేచి, పల్టీలు కొడుతూ ఉప్పు నేల లోపలికి పోయి పడింది. అందరూ పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. తలుపు పీకి ఆయన్ను బయటికి లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. కారును లాగడానికి పికప్‌లు వచ్చాయి. మనుషుల కాళ్ళ కింద, చక్రాల కింద ఆ మలుపంతా కలిసిపోయింది. దారి మీద నేలే మెత్తబడిందా, లేక ఆయన చెయ్యి జారి కారు దారి తప్పి బురదలోకి పోయిందా? చెప్పగలిగేవాడు ఒక్కడే, పొద్దున ఆ దారి నడిచినవాడు.

ఎడమ చేతి మణికట్టు, భుజం విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. బాబా దోహా ఆసుపత్రికి నారింజ పళ్ళు తెచ్చి, అంతా నసీబ్, తలరాత అని, ఎముక అతుక్కున్నాక మళ్ళీ తోలవచ్చులే అని చెప్పి వెళ్ళిపోయాడట. తర్వాత బట్టలిచ్చి రమ్మని నన్ను పంపాడు. ఓబులన్న బట్టలు తీసుకుని దిండు పక్కన పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"ఆడ మెత్తగా ఉండిందా?"

"లేదన్నా. గట్టిగనే ఉండె."

"కాలు పెట్టి చూసినావా?"

"సూసిన. అందుకే గదా గుడ్డ కట్టలే."

"అయితే నేనే దారి తప్పినానా? తప్పినట్టు నాకు తెలీలేదే."

ఇక్కడ ఆగి ఉండవచ్చు. మెత్తగుండె అన్నా, నాదే తప్పు అని ఉండవచ్చు. ఆయన నన్ను కొట్టేవాడు కాదు.

"జర చెయ్యి జారినట్టున్నదన్నా. నేను సూసిన. బండి ఉప్పు దిక్కు పోయింది."

ఆయన కట్టు కట్టిన చేతిని కాదు, బాగున్న చేతిని ఎత్తి చూసుకున్నాడు. "ఈ చేత్తోనే కదరా పిల్లోళ్ళను బడికి తీసకపోతాండేది" అన్నాడు.

ఎముకలు అతికాయి. బాబా బండి తాళాలు ఇవ్వబోతే ఓబులన్న తీసుకోలేదు. చెయ్యి జారుతుందని తెలిశాక పిల్లలను కూర్చోబెట్టుకుని తోలడం పాపమన్నాడు. వచ్చిన హిందీలో, రాని అరబ్బీలో చెప్పాడు. బాబాకు అర్థం కాలేదు. తోటలో పని చేసుకొమ్మన్నాడు, ఉండమన్నాడు. ఉండలేదు. ఆ కారు దుబాయ్ పోలేదు. వేసవిలో పాత ఇనుము కింద అమ్మేశారు.

ఆయన సంచి మోసుకుని విమానాశ్రయం దాకా నేనే పోయాను. లోపలికి పోయే ముందు నా భుజం పట్టుకుని, "నువ్వు ఉండేది ఉన్నట్టు చెప్పినావు. ఇంకొకడైతే నన్ను సంతోషపెట్టేదానికి ఏదో ఒకటి చెప్పిండేవాడు" అన్నాడు. నా నోరు పెగల్లేదని రాస్తే బాగుంటుంది. కానీ పెగిలింది. పైలం అన్నా అన్నాను.

నేను ఇంకా చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాను. దోహా పోయినప్పుడు ముషైరిబ్‌లో మనవాళ్ళు కలిసేచోట ఆయన ఊరివాళ్ళు కనిపించేవాళ్ళు. ఓబులేసు మళ్ళీ స్టీరింగు పట్టలేదట. తమ్ముడి ట్రాక్టరు కూడా ముట్టడట. బస్సెక్కితే వెనక సీటుకు పోయి కూర్చుంటాడట, ముందు దారి కనిపించకుండా. ఖతార్‌లో పందేలు గెలిచినానంటాడు, సైకిలు గూడా తొక్కడు అని వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వడం నాకు బాగా వచ్చు. ఒకసారి ఇంటికి పోతూ విమానం మారడానికి దుబాయ్‌లో దిగాను. అద్దాల్లోంచి ఊరు కనిపించింది. ఏమీ అనిపించలేదు. టీ తాగి కూర్చున్నాను.

కొన్నేళ్ళ క్రితం, నేను ఊరికి తిరిగొచ్చేశాక, ఆయనే ఫోన్ చేశాడు. కొడుక్కి లైసెన్సు వచ్చిందట. దోహాలో ఇంటి డ్రైవరుగా వీసా కూడా వచ్చిందట. వద్దంటే వినడం లేదట. "మా వంశంలోనే ఏదో లోపముందిరా. నువ్వు కళ్ళారా చూసినోడివి, వానికి ఒక మాట చెప్పు" అన్నాడు.

ఆ సాయంత్రమే కొడుకు చేశాడు. "చిన్నాయనా, నిజంగా మా నాయన చెయ్యి జారిందా? మీరు చూసినారా?" అన్నాడు. కాదని చెప్పించుకోవాలనే అడుగుతున్నాడని గొంతులోనే తెలిసిపోయింది. ఇలాంటి అవకాశం ఎంతమందికి వస్తుంది? "సూసిన బిడ్డా. మీ నాయన మాట ఇను" అన్నాను.

గుంట పూడ్చింది కోపంతో. ఆసుపత్రిలో అబద్ధం ఆడింది భయంతో. ఈసారి కోపమూ లేదు, భయమూ లేదు. అలవాటుగా అనేశాను. ఫోను పెట్టేశాక గేదెకు గడ్డి వేశాను. ఆ కుర్రవాడు ఇప్పుడు తిరుపతిలో ఒక బట్టల కొట్టులో ఉన్నాడని విన్నాను. చెడ్డ పనేమీ కాదు.

ఓబులన్న నంబరు నా దగ్గర ఉంది. ఇప్పుడైనా చేయవచ్చు. తిడతాడని కాదు నా భయం, పోనీలేరా అంటాడేమోనని. అని, ఫోను పెట్టేసి, తన చెయ్యి చూసుకుంటూ కూర్చుంటాడు. ఇన్నేళ్ళు బస్సులో వెనక కూర్చున్న మనిషికి ఇప్పుడు ఆ చెయ్యి తిరిగి ఇస్తే ఏం చేసుకుంటాడు? ఇది ఆయన మీద జాలా, నన్ను నేను కాపాడుకునే మరో ఎత్తా? నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అది ఇంకో అబద్ధం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, జరిగింది జరిగినట్టు పెట్టాలనుకున్నాను. అలా పెడితే కాస్త ఊపిరాడుతుందేమో అనుకున్నాను. ఆడుతున్నది, కొద్దిగా.

ఆ శుక్రవారం ఓబులేసు చెయ్యి జారలేదు. దారి తప్పలేదు. కారును ఎక్కడికి తిప్పాలో సరిగ్గా అక్కడికే తిప్పాడు. అక్కడ నేల లేదు. లేదని నాకు తెలుసు.