ఎలుగుబంటిని గీసిందెవరు?

నేను ఈ ప్రయాణం చేసింది ఊళ్ళు చూసి రావడానికి కాదు, ఒక మనిషిని పట్టుకోవడానికి. విశాఖలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని బొమ్మల కథల పుస్తకాలు అచ్చు వేస్తుంటాను, ఏడాదికి రెండో మూడో. ఈసారి వేయబోయేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చింది. జీడితోటలోంచి ఊళ్ళోకి వచ్చిన ఎలుగుబంటి అందరి తగాదాలూ తీర్చడం మొదలుపెడుతుంది, అదీ కథ. గీసినాయన పేరు డిల్లేశ్వరరావు. చదివిన ప్రతిసారీ పడీపడీ నవ్వాను. నవ్వు ఆగాక అనుమానం వచ్చింది.

ఎందుకంటే ఆ పేజీలు ఒక్క చేతివి కావు. కొన్నింట్లో ఎలుగుబంటి గీత నూనె రాసినట్టు జారిపోతుంది. మరికొన్నింట్లో అదే ఎలుగుబంటి ముక్కలుముక్కలు గీతలతో వణుకుతూ ఉంటుంది. ఫోన్ చేస్తే వారంలో సగం రోజులు ఆయన ఎత్తడు. వీడియోలో కనబడమంటే "సిగ్నల్ ఉండదండీ" అంటాడు. ఈమధ్యే హైదరాబాదులో మాలాంటి చిన్న ప్రచురణకర్త ఒకాయన వేసిన పుస్తకంలో బొమ్మలు మనిషి గీసినవి కావు, కంప్యూటర్ చేత గీయించినవని తేలింది. పాపం, ఆయన దుకాణమే మూసేసుకున్నాడు. వచ్చే నెల అక్కడే కామిక్స్ సంత, నాకూ ఒక బల్ల ఇచ్చారు. నాకున్న ఆస్తల్లా నా పేరే. అది కాస్తా పోతే రేపు నన్ను నమ్మి బొమ్మలిచ్చేదెవరు? అందుకే ఆయనకు చెప్పాపెట్టకుండా బయల్దేరాను.

ఉదయం ఆరు దాటాక పలాస వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా నిలబడే ప్రయాణం. అక్కడ సీటు దొరికాక ఎదురుగా కూర్చున్న జీడిపప్పు వ్యాపారి పలకరించాడు.

"పప్పు కోసమేటమ్మా?"

"కాదండీ, బొమ్మల కోసం."

"పలాసలో బొమ్మలేటి? మిమ్మల్నెవుడో మోసం సేసీసినాడు."

నా మనసులో ఉన్న మాటే ఆయన నోట వినేసరికి ఒళ్ళు మండింది. పలాస వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

దిగేసరికి పదకొండు దాటింది. గాలి నిండా జీడిపిక్కలు కాల్చే వాసన. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ పుల్లగా ఉంది, నిన్నటిదేమోనని దాని మీదా అనుమానమే. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ నుంచి ఉద్దానం ఊళ్ళకు షేర్ ఆటోలున్నాయి గానీ, నిండేదాకా కదలవు. గంట పైనే కూర్చోబెట్టాడు డ్రైవరు. కదిలాక అద్దంలోంచి నన్నే చూస్తూ నడిపాడు.

"నీల్లు పరీచ్చ సేయడానికొచ్చారేటి?"

"కాదు."

"మరి టీవీవోలా?"

"కాదయ్యా బాబూ."

"అయితే ఇంకేదో ఉంది" అని తేల్చేశాడు. ఆయన తప్పు లేదు. ఉద్దానంలో ఏ ఇంటి తలుపు తట్టినా కిడ్నీ జబ్బు మాట వినిపిస్తుంది. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళూ, కెమెరాలతో వచ్చేవాళ్ళూ మాత్రం వస్తూనే ఉన్నారట. దారి పొడుగునా జీడితోటలు, కొబ్బరితోటలు. కంటికి ఎంత చల్లగా ఉన్నాయో!

సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఆయన ఇల్లు. వాకిట్లో కొబ్బరి కమ్మలు చీరుతున్న ఆయన భార్య నీలవేణి లేచి నిలబడింది.

"ఆయన నేరమ్మా. పలాస ఎల్లారు. సాయంత్రం వత్తారు."

"ఏం పని మీద?"

"పని" అని మళ్ళీ కమ్మ అందుకుంది.

తెరిచిన తలుపులోంచి సిరా సీసా, కలాలు కనబడ్డాయి. దొరికింది దొంగ అనుకున్నాను. కాగితం, పెన్సిలూ చేతికిచ్చి "ఒక ఎలుగుబంటి వెయ్యమ్మా, చూద్దాం" అన్నాను.

"ఓలమ్మో, నానేటి, బొమ్మలేటి!" అని నవ్వింది. అయినా నా మాట తీసెయ్యలేక కూర్చుని, చుక్కలు పెట్టి, తామరపువ్వు ముగ్గు వేసిచ్చింది. "నాకిదొక్కటే వచ్చునమ్మా" అంది. తర్వాత అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. ఆమె చేతి అన్నం తింటూ ఆమెనే అనుమానించడానికి సిగ్గేసింది. అనుమానం మాత్రం పోలేదు.

పొద్దు వాలాక డిల్లేశ్వరరావు ఆటో దిగాడు. నలభై దాటిన మనిషి, బాగా చిక్కిపోయి ఉన్నాడు. భుజాన గుడ్డసంచి. ఎడమ ముంజేతి మీద దూది పెట్టి ప్లాస్టర్ వేసి ఉంది. నేను నమస్కారం అనగానే గొంతు గుర్తుపట్టి "ఇశాపట్నం మేడమ్ గారా!" అన్నాడు. నేను కుశలప్రశ్నల జోలికి పోలేదు.

"నిజం చెప్పండి. ఈ పేజీలు ఎంతమంది గీస్తున్నారు?"

ఆయన సంచిలోంచి ఒక అట్ట తీశాడు. క్లిప్పు కింద ఆ రోజు గీసిన పేజీ. వణుకుతున్న ఎలుగుబంటి.

"ఇది డయాలసిస్ కుర్చీలో ఏసిందండి. వారానికి మూడు దపాలు ఎల్తాను. ఎడం సేతికి సూదులుంటాయి కదా, కదపకూడదు. అందికే కుడిసేత్తో ఏసినాను. ఇంటికాడైతే ఎడం సెయ్యే."

"ఎడమచేతివాటం అయినప్పుడు సూదులు కుడిచేతికి పెట్టించుకోవచ్చుగా?"

ఆయన నవ్వాడు. "సిన్నప్పుడు ఎడం సేత్తో రాత్తే మాట్టారు బెత్తంతో కొట్టీవోరు. దాంతో రాత కుడిసేతికి మారిపోనాది. బొమ్మలేత్తంటే ఎవులూ సూడనేదు, అయి ఎడం సేతికే ఉండిపోనాయి. సూదులకి నరం కలిపి కుట్టినప్పుడు డాట్టరుగారు ఏ సేత్తో రాత్తావని అడిగినారు. కుడిసేత్తో అన్నాను. నిజవే కదేటండి?"

అప్పటికీ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. నా ఎదుట గీయమన్నాను. ప్లాస్టర్ ఉన్న చేత్తో ఒకటి, లేని చేత్తో ఒకటి గీశాడు. నేను వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు దొంగలూ ఒక్క కాగితం మీదే ఉన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వణికిన పేజీలన్నీ ఎడమచేత్తో మళ్ళీ గీసిస్తారా?" అని అడిగాను.

"సగం బుక్కమ్మా అది. అంత ఓపికెక్కడిది?" అంది నీలవేణి మెల్లగా.

"అయితే మీరు చెప్పిందంతా వెనక అట్ట మీద వేద్దాం. ఇంకెవరూ నన్ను నిలదీయరు" అన్నాను.

అంతవరకూ నవ్వుతున్న మనిషి మొహం మారిపోయింది. "వద్దు మేడమ్. అది సదివినోడు నా ఎలుగుని సూసి నవ్వడు, అయ్యో అంతాడు. మావూరికొచ్చినోలందరూ అయ్యో అనీసి ఎల్లిపోనారు. ముందు నవ్వనీండి. నవ్వీసినాక సెప్పుకోండి, మీ ఇష్టం."

ఏ మాటా ఇవ్వకుండానే లేచాను. కాశీబుగ్గ లాడ్జిలో దోమలతో పాటు ఈ ఆలోచనా నన్ను పడుకోనివ్వలేదు. ఆయన మాట వింటే సంతలో అందరూ నన్ను అనుమానిస్తారు, వినకపోతే ఆయన పుస్తకం జాలి పుస్తకం అయిపోతుంది.

తెల్లారి విశాఖ బస్సు ఎక్కాను. టెక్కలిలో ఒకామె ఖాళీ సంచులతో ఎక్కి నా పక్కన కూర్చుంది, కోటబొమ్మాళి సంతకట. నా ఒళ్ళో పేజీలు చూసి "ఏటమ్మా, ఎలుగొడ్డా?" అని చనువుగా తీసుకుంది. పెదాలు కదుపుతూ చదువుకుంటూ పోయింది. పనసకాయ కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ముల మధ్య ఎలుగుబంటి భయంభయంగా కూర్చుని, తీర్పు చెప్పలేక, పనసకాయే తినేసే పేజీ వచ్చింది. "ఓలమ్మా, తినీసిందే!" అని ఆమె బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది. తొంగి చూశాను. అది కుడిచేతి పేజీ.

"ఎవులేసినారమ్మా?" అంది దిగబోతూ.

"ఉద్దానం ఆయన."

"మావోడే!" అంటూ దిగిపోయింది. ఇంకేమీ అడగలేదు.

బస్సు కదలగానే ప్రెస్సుకు ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు అచ్చెయ్యమన్నాను. వెనక అట్ట మీద ఎలుగుబంటి ఒక్కటే.

హైదరాబాదు సంతలో అడిగారు, అడక్కుండా ఉంటారా! ఎంతమంది గీశారని ఒకరు, ఏ కంప్యూటరని ఇంకొకరు. "ముందు చదవండి" అని మాత్రం అన్నాను. బల్ల దగ్గర నిలబడే చదివారు, నిలబడే నవ్వారు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.