కాంప్లెక్సులో సల్సా అడుగులు

షుగరొచ్చాక నడవమన్నాడు డాక్టరు. నడకంటే నాకు బద్ధకం. అందుకని 2006లో హైదరాబాదులో సల్సా క్లాసులో చేరాను. మూడో వారంలోనే ఆఫీసు పనిమీద నర్సీపట్నం వెళ్లాల్సొచ్చింది. తిరుగు బస్సు కోసం అక్కడి ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి, నేర్చుకున్న నాలుగడుగులూ మరిచిపోతానేమోనని ముందుకీ వెనక్కీ వేస్తున్నాను.

పక్కన విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట మీద, కొయ్యూరు కొండల నుంచి వచ్చిన ముసలమ్మ కూర్చుని ఉంది. "ఏటమ్మా, కాళ్లు తిమ్మిరెక్కాయా?" అంది.

"కాదమ్మా, డాన్సు. ఆరోగ్యానికి మంచిదని నేర్చుకుంటున్నాను."

"నేర్సుకోడమేటి? మాకు నడకతో పాటే దింసా వచ్చేత్తాది."

దింసా అంటే ఆ కొండ ఊళ్లలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా ఆడే ఆట.

"అందుకే ఈ వయసులోనూ గట్టిగా ఉన్నారు. ఒక్క అడుగు చూపించరూ?" అన్నాను.

స్తంభం పట్టుకుని లేచింది. కొంగు బిగించి, గేటు వైపు చూసింది. "ఎవులొత్తన్నారమ్మా?"

"ఎవరూ రావట్లేదు. ఊరికే అడిగాను."

మోకాళ్లు పట్టుకుని మళ్లీ కూలబడింది.

"ఆపీసర్లొత్తన్నారంటే మమ్మల్ని లారీలెక్కించి తెత్తారు. బేగొచ్చెత్తారంటారు, పొద్దెక్కినా రారు. ఆలొచ్చీదాకా ఎండలో ఆడాల. ఆగితే కసురుతారు. మోకాళ్లు పోనాయి. ఊరికే ఆడి ఎన్నేళ్లయిందో, గేపకం నేదు."

ఇంతలో నా బస్సొచ్చింది, ఎక్కేశాను.

ఆ వారం క్లాసులో మాస్టారు, "మేడమ్, ఆ మొహమేంటి? నవ్వుతూ ఆడాలి" అన్నాడు. ఆ ముసలమ్మకీ ఎవరో ఆ మాటే చెప్పి ఉంటారు, ఎండలో.