చుక్కల ఫ్యాను

మా బాపు హన్మకొండలో ఫ్యాన్ల మోటార్లకు రాగితీగ చుట్టి వైండింగ్ చేసేవాడు. కొత్త ఫ్యాను ఏదొచ్చినా ముందు దాని మోటారును అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. బరువుంటే రాగి ఎక్కువ ఉన్నట్టు, రాగి ఉంటే మంచిదన్నట్టు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని వచ్చిన రైతులు కూడా ఆయన సరేనంటేనే ఫ్యాను కొనేవాళ్లు.

స్టార్ లేబుల్ లేని సీలింగ్ ఫ్యాను అమ్మకూడదని సర్కారు చట్టం తెచ్చినప్పుడు బాపు మండిపడ్డాడు. తక్కువ కరెంటుతో ఎంత గాలి ఇస్తుందో చూసి ఆ చుక్కలు వేస్తారని చెప్తే, గాలికి మార్కులేసే పంతులెవడని ఎగతాళి చేశాడు. అప్పటికి మా ఫ్యాన్ల దుకాణం నేనే చూస్తున్నాను. నాకూ కోపం తక్కువేం కాదు, ఐదు చుక్కలది తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పిట్టంత బరువు లేదని పక్కన పడేశాడు.

పోయిన ఎండాకాలం ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. కుట్ల మీద చెమట నిలవొద్దు, చీము పడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా ఇన్వర్టర్ బ్యాటరీ పాతది, బాపు బిగించుకున్న బరువు ఫ్యానును రెండు గంటలు కూడా తిప్పలేకపోయేది. ఆయన దవాఖానలో ఉండగానే దాన్ని దింపేసి చుక్కలది బిగించాను. ఇంటికొచ్చి పడుకోగానే పైకి చూశాడు.

“నేను సచ్చిననుకున్నవా, నా ఫ్యాను తీసేసినవ్?”

నేను మందుబిళ్లలు, నీళ్లు అందించాను. జవాబిస్తే ఇద్దరం అరుచుకుంటాం, ఆయన గుండె ఆ అరుపులను తట్టుకోదు.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి గాలిదుమారం లేచి మా వీధిలో కరెంటు స్తంభాలు పడిపోయాయి. బాపు మందులేసుకుని నిద్రలో ఉన్నాడు. విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను. బ్యాటరీ అయిపోయిందని ఇన్వర్టర్ ఎప్పుడు కూత పెడుతుందోనని ఒకటే భయం. రెండు గంటలు గడిచాయి. పన్నెండైంది. మధ్యలో లేపి గంజి తాగించాను, సగం నిద్రలోనే తాగి మళ్లీ పడుకున్నాడు. మూడైంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చట్టమే రాకుంటే అది మా దుకాణం గడప తొక్కేదా? బాపు తొక్కనిచ్చేవాడా? ఎక్కడో కూర్చుని ఆ రూలు రాసిన మనిషి ఎవరో గాని, కాళ్లకు మొక్కాలనిపించింది.

ఎండ దిగాక బాపు లేచాడు.

“కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడచ్చింది బిడ్డా? బయట అందరు కరెంటు ముచ్చటే పెడుతున్నరు.”

“పొద్దటి సంది లేదు బాపూ. ఇంకా రాలే.”

పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూశాడు. తర్వాత ఛాతీ మీది పట్టీని వేళ్లతో తడుముకున్నాడు. పొడిగా ఉంది.

“నీ మాట ఎన్నడన్న విన్ననా బిడ్డా నేను,” అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు.