నా భుజం నొప్పి సంగతి ఆమెకెవరు చెప్పారు?

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. తిరువూరులో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని, రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోను. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెప్తాను. చెప్తుంటే భయం కన్నా కోపమే ఎక్కువొస్తుంది.

నిరుడు ఆవకాయ రోజుల్లో నాకు నెల తప్పింది. ఇంట్లో పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. మూడో నెల వచ్చేదాకా బయట చెప్పొద్దు, దిష్టి తగులుతుందన్నారు అత్తయ్య. వారం తిరక్కముందే కొద్దికొద్దిగా రక్తం కనపడింది. పొత్తికడుపులో ఎడమవైపు పొడిచినట్టు నొప్పి.

మూడు రోజులు మొత్తుకున్నాను. అత్తయ్య వాము నీళ్ళు ఇచ్చారు. మా ఆయన "గ్యాసయ్యుంటుందిలే, పడుకో" అని ఎరువుల కొట్టుకి వెళ్ళిపోయాడు. వీధి చివర ఆరెంపీ డాక్టరు కడుపు మీద చెయ్యైనా వెయ్యకుండా గ్యాసుకి ఇంజెక్షన్ పొడిచాడు. నెల తప్పిందని నేను చెప్పబోతే అత్తయ్య కళ్ళతోనే ఆపారు. దిష్టి కదా మరి! గోడకు చెప్పుకున్నా ఒకటే.

నాలుగో రోజు మధ్యాహ్నం కళ్ళు తిరిగాయి, కుడి భుజం లాగడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ముందుగదిలో పడుకున్నాను. అత్తయ్య వసారాలో మామిడి ముక్కలు తుడుస్తున్నారు.

గేటు గొళ్ళెం చప్పుడైంది. "బుల్లీ!" అని ఆడగొంతు పిలిచింది. స్పష్టంగా విన్నాను. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు, గొళ్ళెం వేసే ఉంది.

కాసేపటికి అత్తయ్య లోపలికొచ్చారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"భుజం కూడా లాగుతోందా నీకు?"

"మీకెవరు చెప్పారండీ?"

"మా అక్కొచ్చి చెప్పింది. లే, బెజవాడ పోదాం."

ఆవిడ అక్క నలభై ఏళ్ళ కిందట వినగడపలో, నెల తప్పిన కొత్తలోనే కడుపునొప్పితో పోయిందట. గాలి సోకిందన్నారట. పోయే రోజంతా భుజం నొక్కమని చెల్లెల్ని అడుగుతూనే ఉందట. అత్తయ్యని బుల్లీ అని పిలిచింది ఆవిడొక్కతే. ఆ పేరు నాకు అప్పటిదాకా తెలియదు.

అత్తయ్య ఫోన్ చేసి అక్కొచ్చిన సంగతి చెప్పగానే మా ఆయన పది నిమిషాల్లో కారు తెచ్చాడు.

విజయవాడలో స్కాన్ తీశారు. గర్భసంచిలో ఉండాల్సిన పిండం ట్యూబులో పెరిగి, ట్యూబు పగిలింది. లోపల కారిన రక్తం పైకి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుందట. అలాంటి గర్భం ఎలాగూ నిలవదు, ఆలస్యమైతే తల్లి కూడా దక్కదన్నారు డాక్టరమ్మ. "నెల తప్పిన మనిషికి ఒకపక్క నొప్పి, రక్తం కనపడితే మూడు రోజులు ఇంట్లో పెట్టుకుంటారా?" అని మా ఆయన్ని నిలదీశారు. ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేశారు. బతికాను.

అత్తయ్యకి అక్క చావు గుర్తొచ్చి ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. మరి నేను విన్న ఆ పిలుపు? చెప్పని భుజం నొప్పి? ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తేలడం లేదు.

అయినా నాకు ఒళ్ళు మండేది దానికి కాదు. ఎప్పుడో పోయిన మనిషి ఒక్క మాట చెప్తే పది నిమిషాల్లో కారొచ్చింది. నేను బతికుండి మూడు రోజులు చెప్పాను.