పూజ పేరుతో పోయిన ఇడ్లీలు

కాగితాల అట్ట పట్టుకున్న ప్రతివాడూ మా క్వార్టరు లాక్కోవడానికే వస్తున్నాడని నమ్మిన కాలం అది. కొత్త కాపురం, హిందీవాళ్ళ ఊళ్ళో తార్‌బహార్ అనే పేట పక్కన రైల్వే క్వార్టరు, మా ఆయనకు షెడ్డులో డ్యూటీ. నేను పొద్దున్నే ఇడ్లీలు వేసి వరండాలో అమ్మేదాన్ని. క్వార్టర్లో వ్యాపారం చేయకూడదని రూలు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ కొనేవారు (రూలు చెప్పిన బాబుగారితో సహా, ఆయనకు చట్నీ రెండుసార్లు వెయ్యాలి). అయినా పట్టుబడితే నెత్తి మీద కప్పు పోతుందని నా భయం.

ఒకరోజు రెండో వాయ దించుతుంటే అట్ట పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. దేశం మొత్తం మీద ఏ వ్యాపారంలో ఎంత వస్తోంది, ఎంత ఖర్చవుతోంది అని సర్కారు తెలుసుకుంటోందట; పెద్ద కార్ఖానా నుంచి పాన్ డబ్బా దాకా అందరినీ అడుగుతారట. హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. సర్కారు అన్న తర్వాత నా బుర్ర పనిచేయలేదు.

"వ్యాపారమేటి భయ్యా, ఇవి ఇంట్లోకే."

"ఇంట్లో ఎంతమంది దీదీ?"

"ఇద్దరం."

అతను పొగలు కక్కుతున్న రెండు పెద్ద పాత్రల వైపు చూశాడు.

"మా ఆయనకి ఆకలెక్కువ," అన్నాను. (పాపం, మూడు తింటే గొప్ప ఆయన. ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

అంతలో పక్క క్వార్టరు వదిన గిన్నెతో దిగింది. "ఏటొదినా, ఇంకా అవనేదా? పిల్లలు బడికెల్లాల!"

"రా వదినా, పూజ ప్రసాదం తీసుకో! డబ్బులేటి, తప్పు కదూ!" అని కళ్ళురిమాను. (ఏ దేవుడికి ఇడ్లీలు పెట్టానో నాకే తెలియదు.)

వదిన నా మొహం చూసింది, అట్ట చూసింది. అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకునే మనిషా! గిన్నె నింపించుకుని వీధిలోకి కేకేసింది. "రండర్రా, వదినింట్లో పూజ! ఈయేళ ఉత్తినే!"

ఉప్పు కూడా చిటికెలతో వాడే నేను, నవ్వుతూ లైనంతటికీ వడ్డించాను. నవ్వకపోతే అనుమానం కదా. కుర్రాడికీ నాలుగు పెట్టాను. అతను జేబులో చేయి పెడితే, "ప్రసాదానికి డబ్బా!" అని వారించాను. లోపల ప్రాణం విలవిల్లాడింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. అట్ట పక్కన పెట్టి తింటున్న మనిషిని కొత్త గిరాకీ అనుకున్నారు. "అచ్ఛా, భాయ్‌సాబ్! మా ఆవిడ ఇడ్లీ ఎలా ఉంది? రోజూ రండి, రేటు కూడా తక్కువే!"

భూమి చీలినా బాగుండును. చీలలేదు. ఆ కుర్రాడు నవ్వనైనా నవ్వలేదు. "పన్ను కోసం కాదు దీదీ, క్వార్టరు సంగతి నాకక్కర్లేదు. మీలాంటివాళ్ళంతా లేదంటే, దేశంలో ఇడ్లీ వేసేవాళ్ళే లేరని రాసుకోవాలి మేము," అన్నాడు. బియ్యం, మినపప్పు, బొగ్గు అన్నీ చెప్పించుకుని, ఈరోజు రాబడి ఎంతన్నాడు. నేను ఖాళీ పాత్రల వైపు చూశాను. వదిన మూతి తుడుచుకుంటూ, "సున్నా లిఖో భయ్యా, సున్నా రాసుకో! మేవందరం సాచ్చికం," అంది.

ఇప్పుడు మనవరాలు ఫోన్లో సర్కారు లెక్కలు తీసి ఏ రంగంలో ఖర్చులు పెరిగాయో, ఎక్కడ లాభాలు తగ్గాయో చదువుతుంటే, అది నన్నే అంటున్నట్టు కొంగు సవరించుకుంటాను. ఆ కుర్రాడికిప్పుడు జుట్టు నెరిసిపోయి ఉంటుంది. మళ్ళీ గుమ్మంలోకి వస్తే ఒక్క అబద్ధం ఆడను, అడిగినవన్నీ చెబుతాను. ముందు ఆ నాలుగిడ్లీల డబ్బు పుచ్చుకుని.