నవ్వితేనే పేకప్

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కూరగాయలు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు అరుస్తారు, "అగో, గయ్యాళి చిన్నకోడలు!" అని. నేను జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని. టీవీలో ఒక్క ఏడాది అత్తతో కీచులాడినందుకు నాకు దక్కిన బిరుదు ఇది. మా ఆయనైతే, "నువ్వు యాక్షన్ జేసిందేముంది? ఇంట్ల ఉన్నట్టే ఉంటివి" అంటాడు. ఆయన సంగతి వదిలేయండి.

ఆ కామెడీ సీరియల్‌ను ఒక చిన్న ఛానల్ కోసం తీశారు. కామారెడ్డి శివార్లలో పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకుని శని, ఆదివారాలు షూటింగ్ పెట్టేవారు. ఒక అత్త, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. కథంతా అత్త నడుముకు వేలాడే తాళాలగుత్తి చుట్టూ తిరుగుతుంది. ఆ గుత్తి కొట్టేయాలని నేను ఎత్తులు వేయడం, అవి బెడిసికొట్టి తిట్లు తినడం, అదే కామెడీ. అత్త వేషం వేసిన అవ్వది కూడా ఎల్లారెడ్డే. బతుకంతా కూలికి నాట్లు వేసింది. నాట్లలో ఆమె పాటా, ఆమె సరసాలూ విన్నవాళ్ళెవరో డైరెక్టర్‌కు చెప్పారు. చదువు రాదు. డైలాగు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పేది, పైగా తనవి రెండు తిట్లు కలిపేది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం.

డైరెక్టర్ కామారెడ్డి అతనే. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. "ఏ క్యారెక్టరైనా మొదట్ల ఉన్నట్టే ఆఖరి దాంక ఉంటే జనం సూడరక్కా. మెల్లమెల్లగ మారాలె" అనేది అతని సిద్ధాంతం. దాని ప్రకారం సీజన్ పూర్తయ్యేసరికి గయ్యాళినైన నేను అత్త మనసు తెలిసిన కోడలిని కావాలి. అత్త మాత్రం చివరిదాకా మారదట, ఆ ఇంటికి ఆమే దూలమట.

ఒక శనివారం వంటింటి సీన్ తీస్తున్నారు. నేను తాళాలగుత్తి మీద చెయ్యి వేస్తే, అవ్వ నా మణికట్టు పట్టుకుని ఏడు తరాలూ తిట్టాలి. మణికట్టు పట్టుకుంది. తిట్టలేదు. నా ముఖంలోకి చూసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు మెత్తగా, "నువ్వెవలు బిడ్డా?" అంది.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. డైరెక్టర్ ఆ ముక్కను అట్లాగే ఉంచేశాడు. జనానికి తెగ నచ్చింది, ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఇక మరిచిపోవడమే అత్త పాత్రకు కొత్త మలుపైంది. అన్నం తిని తినలేదని గొడవ, నడుముకే ఉన్న తాళాల కోసం ఇల్లంతా వెతుకులాట. వీటిలో కొన్ని రాసినవి, కొన్ని రాయనివి. తేడా నాకు తెలిసేది. రాయనివి జరిగినప్పుడు అవ్వ నా కొంగు పట్టుకునేది.

ఒకరోజు ఆమెను ఇంటి దాకా దింపడానికి వెళితే అసలు కోడలు నన్ను పక్కకు పిలిచింది. అవ్వకు ఒక్కడే కొడుకు, ఈమె ఒక్కతే కోడలు. "అక్కా, గీమె నన్ను పట్టుకొని 'పెద్దకోడలు యాడికి వోయిందే' అని అడుగుతుంది. షూటింగు తాళాలు నడుముకు కట్టుకొనే పంటది. ముట్టనిస్తలేదు" అంటూ నవ్వబోయి ఆగింది. డాక్టరుకు చూపించారట. మతిమరుపు జబ్బనీ, తగ్గేది కాదనీ, నలుగురిలో ఉంటే మంచిదనీ చెప్పాడట. "శనారం వచ్చిందంటే సాలు, పొద్దుగాల్నే తానం జేసి తయారైతది. కడమ దినాలు గోడ దిక్కు సూసుకుంట కూసుంటది. నువ్వు ఎవ్వలకు జెప్పకక్కా, తీసేస్తరు."

చెప్పనన్నాను. కానీ నా నోరు ఊరుకునే నోరా? మరుసటి వారం డైరెక్టర్ కొత్త సీన్ చదివి వినిపించాడు. అత్త కొట్టంలోకి వెళ్ళి, బర్రెను నేనే అనుకుని, దాని మెడ నిమురుతూ ముచ్చట పెడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది.

"ఆపు తమ్మీ! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే గిదే. మీకు నవ్వులాట అయితుంది. గామెకు నిజంగనే యాదికి ఉంటలేదు!"

అతని ముఖం పాలిపోయింది. అతను చెడ్డవాడు కాదు, తెలియదంతే. కాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "నాకేం దెలుసక్కా? అయితే ఇంటికాడనే ఉండుమందం. రేపు ఏమన్న అయితే నా మెడకు సుట్టుకుంటది" అన్నాడు.

అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎంత విన్నదో, ఎంత అర్థమైందో!

"నేనేం తప్పు జేసిన బిడ్డా? నన్ను తియ్యకుండ్రి. జనం నవ్వితే నవ్వనీ. గీడ నన్ను చూసి నవ్వుతరు. ఇంటికాడ నన్ను చూసుడే లేదు."

బర్రె సీన్‌ను కథలోంచి ఎత్తేశారు. అవ్వను ఉంచారు. ఆ తరువాత ప్రతి శనివారం నాకు నరకమే. నవ్వొద్దంటే ఆమెను ఇంటికి పంపేస్తారు, నవ్వనిస్తే నేను చూడలేను. ఈలోగా కథలో నా పాత్ర మారాల్సిన సమయం వచ్చింది. అత్తకు తల దువ్వాలి, అన్నం కలిపి తినిపించాలి. ఆ సీన్లకు నాకు రిహార్సల్ అక్కర్లేకపోయింది. "గయ్యాళి ఎంత మంచిదైందో!" అని బజారులో ఆడవాళ్ళు మెచ్చుకుంటే పాడు మెప్పు అనుకున్నాను.

డైరెక్టర్ చివరికి తనకు తోచిన దారి తనే వెతుక్కున్నాడు. ఆఖరి ఎపిసోడ్‌లో అత్త చనిపోతుంది. "గౌరవంగ పంపుదమక్కా" అన్నాడు నా వైపు చూడకుండా. అతన్ని తిట్టాలో, జాలిపడాలో నాకు తెలియలేదు.

షూటింగుల్లో ఒక ఆచారం ఉంది. చచ్చిపోయినట్టు నటించిన మనిషి, సీన్ అయిపోగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు తీసేదాకా పేకప్ చెప్పరు. లేకపోతే కీడని భయం. అవ్వకు ముందే రెండుమూడుసార్లు చెప్పాం. సరే సరేనంది.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, ముఖానికి పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేశారు. నేను మీద పడి ఏడవాలి. ఏడ్చాను, దేవుడా, ఎంత ఏడ్చానో! కట్ చెప్పినా ఆగలేదు. నా ఏడుపు విని అవ్వ కళ్ళు తెరిచి లేచి కూర్చుంది. చుట్టూ ఏడుపు ముఖాలతో ఉన్న ఆడవాళ్ళను చూసింది.

"ఎవలు వోయిండ్రే?" అంది.

అవ్వ నా మెడ చుట్టూ చేతులు వేసి శోకాలు మొదలుపెట్టింది. "పొద్దుగాల్ల ముచ్చట వెడితివి, పొద్దూకక ముందే వోతివా నా తల్లీ" అంటూ రాగం తీసింది. దండ మెడలోనే ఉంది.

"అవ్వా, గిటు సూడు, ఒక్కసారి నవ్వవ్వా" అని డైరెక్టర్ బతిమాలాడు. మేకప్ ఆమె బతిమాలింది. కెమెరామన్ చేతులు జోడించాడు. ఏడాదంతా ఆమెను చూసి నవ్విన వాళ్ళం, ఇప్పుడు ఒక్క నవ్వు కోసం ఆమె కాళ్ళా వేళ్ళా పడ్డాం. ఆమె ఎవరికోసమో ఏడుస్తూనే ఉంది.

నాకు ఇంకేం తోచలేదు. కళ్ళు తుడుచుకుని నడుం మీద చేతులు పెట్టుకున్నాను. గయ్యాళి గొంతుతో, "ఏందత్తా, సచ్చినట్టు నాటకమాడితే తాళాలు ఇడిసిపెడతననుకున్నవా? ఇటు దే!" అని అరిచాను.

ఏడుపు ఆగింది. చెయ్యి చటుక్కున నడుము మీదికి పోయింది. "నీకెందుకిస్తనే దొంగమొగపుదానా! నేను సచ్చినా ఇయ్య!" అని బోసినోటితో పకపకా నవ్వింది. కెమెరా ఆ నవ్వును పట్టుకుంది. డైరెక్టర్ పేకప్ అన్నాడు. అవ్వ ఒక్కతే నవ్వుతోంది, మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

పొద్దు వాలుతుండగా బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న అవ్వ చెవి వెనక ఇంకా పసుపు ఉంది. కొంగుతో తుడిచాను. తాడ్వాయి దాటాక ఆమె నడుము దగ్గర తడుముకుంది. ముడి విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. తాళాలగుత్తి తీసి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నేను సచ్చిపోతి గద బిడ్డా. ఇగ ఇల్లు నువ్వే సూసుకోవాలె. పెద్దదానికి జెప్పకు."

ఆ తాళాలు ఏ తలుపువీ కావు. కామారెడ్డిలో పాత సామాన్ల కొట్లో తెచ్చినవి.

"సరే అత్తా" అన్నాను.